విదేశం నుంచి వెంట వచ్చిన బిల్లు



ఈ పూట మనం మాట్లాడుకునేది సెల్‌ఫోన్ బిల్లు గురించి. అందులోనూ విదేశానికి వెళ్లొచ్చాక వచ్చే బిల్లు గురించి. నెలనెలా ఐదొందలో ఆరొందలో కట్టే ఇంటికి ఉన్నట్టుండి ఇరవై వేలో ముప్పై వేలో బిల్లు వస్తుంది. ఎందుకొచ్చిందని చూస్తే ‘అంతర్జాతీయ రోమింగ్’ అని ఒక్క ముక్క, దాని ఎదురుగా ఒక అంకె. అమెరికాలో కొడుకు దగ్గర కొన్నాళ్లుండి వచ్చిన అమ్మానాన్నలు, ఉద్యోగం పనిమీద జర్మనీ వెళ్లొచ్చిన ఇంజినీరు, ఉమ్రా చేసుకొచ్చిన కుటుంబం, సింగపూర్ చూసొచ్చిన కొత్త దంపతులు, ఎవరికైనా ఈ ఇబ్బంది రావచ్చు.

బిల్లు చూశాక చాలామంది చేసేది రెండింటిలో ఒకటి. కనెక్షన్ పోతుందేమోనని భయపడి, అప్పోసప్పో చేసి కట్టేస్తారు. లేదంటే కోపమొచ్చి ఆ నంబరే వదిలేస్తారు. రెండు విధాలా నష్టపోయేది మనమే. కట్టకుండా వదిలేసిన బకాయి అక్కడితో ఆగదు. వసూలు ఏజెంట్ల చేతికి వెళుతుంది, క్రెడిట్ బ్యూరో రికార్డుకు ఎక్కే అవకాశమూ ఉంది. రేపు ఇంటి లోను కోసం బ్యాంకుకు వెళ్లినప్పుడు అదే అడ్డం తగలొచ్చు.

ఈ రెండూ కాకుండా ఇంకో పని ఉంది. లెక్క అడగడం. బిల్లు అంటే కంపెనీ మననుంచి అడుగుతున్న సొమ్ము. అడిగినవాళ్లు లెక్క చూపించాలి. ఆ లెక్క ఎలా అడగాలో, ఎవరిని అడగాలో, ఏం చేతిలో పెట్టుకుని అడగాలో చెప్పాలన్నదే నా ప్రయత్నం.

ముందు ఆ అంకె ఎక్కణ్నుంచి పుడుతుందో చూద్దాం. మీరు హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నప్పుడు మీరు మాట్లాడే ప్రతి నిమిషాన్నీ మీ కంపెనీయే లెక్కపెడుతుంది. న్యూజెర్సీలో దిగాక మీ ఫోన్ పనిచేసేది అక్కడి కంపెనీ టవరు మీద. మీ కాల్స్ లెక్క కట్టేది కూడా ఆ కంపెనీయే. ఎప్పుడు మాట్లాడారు, ఎంతసేపు మాట్లాడారు అన్న వివరాలన్నీ ఒక ఫైలుగా చేసి మీ కంపెనీకి పంపుతుంది. దీన్ని ట్యాప్ ఫైలు అంటారు. ప్రపంచంలోని మొబైల్ కంపెనీల సంఘమైన జీఎస్‌ఎంఏ పెట్టిన పద్ధతి ఇది. ఆ ఫైలులో ఉన్న వాడకానికి మీ కంపెనీ తన రేటు కట్టి మీ పేరున వేస్తుంది. పొరుగూరి కొట్టువాడు రాసి పంపిన చీటీ చూసి మన ఊరి కొట్టువాడు మన ఖాతాలో ఎక్కించినట్టు.

కాబట్టి ఆ కాల్స్‌కు మీ కంపెనీ ప్రత్యక్ష సాక్షి కాదు. దానికి తెలిసింది చీటీలో ఉన్నదే. ఆ చీటీ చూపించమని అడిగే హక్కు మనకుంది. ఇంకో సంగతి, ఆ చీటీ ఆలస్యంగా కూడా రావచ్చు. తిరిగొచ్చిన నెల బిల్లు మామూలుగానే ఉందని ఊపిరి పీల్చుకున్నవాళ్లకు పై నెలలో దెబ్బ తగిలేది ఇందువల్లే. విదేశం వెళ్లొచ్చిన తర్వాత కనీసం రెండు మూడు బిల్లులు విప్పి చూడాలి.

డేటా సంగతి మాత్రం వేరు. ఇది ముఖ్యం, కాస్త శ్రద్ధగా వినండి. రోమింగ్‌లో మీరు వాడే ఇంటర్నెట్ చాలావరకు నేరుగా అక్కడినుంచి బయటికి పోదు. చుట్టూ తిరిగి మన దేశంలోని మీ కంపెనీ నెట్‌వర్క్ గుండానే వెళుతుంది. మీరు షికాగోలో వీడియో చూస్తుంటే ఆ డేటా మీ కంపెనీ కళ్ల ముందునుంచే పోతోందన్నమాట. రోమింగ్ ప్యాక్ తీసుకున్నవాళ్లకు ఇంత డేటా మిగిలిందని ఎప్పటికప్పుడు చూపించగలుగుతున్నది అందుకే. కాల్స్ విషయంలోనూ, మోసాలను పట్టుకోవడం కోసం వివరాలను నాలుగు గంటల్లోపు పంపుకొనే ఏర్పాటు కంపెనీల మధ్య ఉంది. అందువల్ల ‘మీ వాడకం అంత పెరిగిందని మాకు అప్పుడు తెలియలేదండీ’ అని కస్టమర్ కేర్ వాళ్లు అంటే ఆ జవాబును ఒప్పుకోవద్దు. తెలుసుకునే వీలు వాళ్లకుంది. తెలిసీ మీకు ఎందుకు చెప్పలేదు, ఎందుకు ఆపలేదు అన్నది మీరు వేయాల్సిన ప్రశ్న.

ప్యాక్ లేకుండా వాడిన డేటాకు పడే రేటు ఎంత దారుణంగా ఉంటుందో ఒక చిన్న లెక్క చూడండి. 10 కిలోబైట్లకు 5 రూపాయలు అనుకుందాం. వినడానికి చిన్న మొత్తమే. కానీ 1 మెగాబైట్ అయ్యేసరికి అది 500 రూపాయలు దాటుతుంది. మనవడి ఫొటో ఒకటి వాట్సాప్‌లో వచ్చి దానంతటదే డౌన్‌లోడ్ అయితే సరి, రెండుమూడు వందల రూపాయలు పోయినట్టే. ఇక ఫోన్ తనంతట తాను ఫొటోలను గూగుల్‌లో దాచిపెట్టడం, యాప్‌లు అప్‌డేట్ కావడం ఇవన్నీ మనం నిద్రపోతుండగా జరిగేవి. ‘నేను ఫోన్ ముట్టుకోనే లేదు’ అని ఒక పెద్దాయన చెబితే అది అబద్ధం కానక్కర్లేదు.

భారతీయ సిమ్ తీసేసి అక్కడి సిమ్ వేసుకోవచ్చు కదా అంటారు కొందరు. బ్యాంకు ఓటీపీలు ఎక్కడికొస్తాయి మరి? పింఛను ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఆధార్ అన్నీ ఆ నంబరుకే ముడిపడి ఉన్నాయి. పెద్దవాళ్లు ఆ సిమ్‌ను ప్రాణంలా చూసుకునేది అందుకే. వచ్చే మెసేజ్‌లకు సాధారణంగా రోమింగ్‌లో డబ్బు పడదు. పడేది కాల్స్‌కు, డేటాకు. డేటా రోమింగ్ మీట ఆపేసి సిమ్‌ను ఓటీపీల కోసం ఉంచుకుంటే చాలావరకు ఇబ్బంది ఉండదు.

చాలావరకు అన్నానే గానీ పూర్తిగా అనలేదు. ఎందుకంటే ఎత్తని ఫోనుకు కూడా డబ్బు పడొచ్చు. మీరు డాలస్‌లో నిద్రపోతున్నారు. ఇక్కడినుంచి ఎవరో ఫోన్ చేశారు. మీరు ఎత్తలేదు. మీ నంబరు మీద వాయిస్ మెయిలో, మిస్డ్ కాల్ అలర్టో ఉంటే ఆ కాల్ అమెరికా దాకా వెళ్లి, అక్కడినుంచి మళ్లీ ఇండియాలోని ఆ సర్వీసు నంబరుకు మళ్లుతుంది. లెక్కలో అది మీకు వచ్చిన కాల్ ఒకటి, మీరు అమెరికా నుంచి ఇండియాకు చేసిన కాల్ ఒకటి. మాట్లాడని మాటకు రెండు ఛార్జీలు. బిల్లులో ఒకే సమయానికి రెండు కాల్స్ పక్కపక్కనే కనిపిస్తే, అందులో ఒకటి మీకు తెలియని నంబరైతే, అది ఇదేనని అనుమానించండి. విమానం ఎక్కేముందు ఫోన్‌లో రెండు హ్యాష్‌లు, 002, మళ్లీ ఒక హ్యాష్ కొట్టి డయల్ చేస్తే ఫార్వర్డింగ్ అంతా రద్దవుతుంది.

సరే, ప్యాక్ తీసుకుని కూడా బిల్లు పడినవాళ్ల సంగతికి వద్దాం. నా దగ్గరికి సలహాకు వచ్చేవాళ్లలో నాకు ఎక్కువ బాధ కలిగించేది వీళ్లే. జాగ్రత్తపడ్డారు, ముందే డబ్బు కట్టారు, అయినా దెబ్బతిన్నారు.

అమెరికా వెళ్లిన మన తల్లిదండ్రులు తప్పకుండా చూసొచ్చే చోటు నయాగరా. ఆ నది రెండు దేశాలకు సరిహద్దు. ఇవతలి ఒడ్డున, అమెరికా గడ్డ మీదే నిలబడి జలపాతాన్ని చూస్తున్నా ఫోన్ అవతలి ఒడ్డున ఉన్న కెనడా టవరును పట్టుకోవచ్చు. ప్యాక్ అమెరికాకు మాత్రమే. కెనడా టవరు మీద పంపిన ప్రతి ఫొటోకూ మామూలు రోమింగ్ రేటు. మీరు దేశం దాటలేదు, ఫోన్ దాటింది. ఇలాంటి బిల్లును గట్టిగా ప్రశ్నించాలి. ఆ రోజు మీరు కెనడాలో అడుగుపెట్టలేదనడానికి మీ పాస్‌పోర్టే సాక్ష్యం.

విహారనౌక ఎక్కినవాళ్లది ఇంకో కథ. తీరం దాటాక ఓడలో ఉపగ్రహం ద్వారా నడిచే నెట్‌వర్క్ ఉంటుంది. కొన్ని విమానాల్లోనూ ఉంటుంది. అది ఏ దేశానికీ చెందదు. మన దేశపు నెట్‌వర్క్‌ల కోడ్ 404, 405తో మొదలైతే, ఈ దేశం లేని నెట్‌వర్క్‌ల కోడ్ 901తో మొదలవుతుంది. దేశాల ప్యాక్ దానికి వర్తించదు. రేటేమో అన్నిటికన్నా ఎక్కువ. యూరప్ టూరుకు వెళ్లినవాళ్లకు స్విట్జర్లాండ్ దగ్గర ఇబ్బంది వస్తుంటుంది, అది యూరోపియన్ యూనియన్‌లో లేదు గనుక కొన్ని ప్యాక్‌ల జాబితాలో ఉండదు. దారిలో దోహాలోనో దుబాయ్‌లోనో విమానం మారేటప్పుడు, ఇంటికి ఫోన్ చేద్దామని ఒక్క పది నిమిషాలు ఫోన్ ఆన్ చేసినవాళ్లకు ఆ దేశం పేరున బిల్లు పడుతుంది.

ఇక తేదీల తికమక. పది రోజుల ప్యాక్ అంటే ఎప్పటినుంచి పది రోజులు? కొన్నప్పటి నుంచా, అక్కడ దిగినప్పటి నుంచా? అర్ధరాత్రి అంటే మన అర్ధరాత్రా, వాళ్ల అర్ధరాత్రా? న్యూయార్కుకూ మనకూ తేడా తొమ్మిదిన్నర, పదిన్నర గంటలు. అక్కడ రోజు మధ్యాహ్నంలో ఉండగానే ఇక్కడ తేదీ మారిపోతుంది. ప్యాక్ అయిపోయిందని చెప్పే మెసేజ్ వచ్చేలోపే మామూలు రేటు మొదలై ఉంటే, ఆ మెసేజ్ వచ్చిన సమయమే మీకు పెద్ద ఆధారం.

అన్ని బిల్లులూ తప్పని నేను చెప్పడం లేదు. ప్యాక్ తీసుకోకుండా, హెచ్చరిక మెసేజ్‌లు వచ్చినా చూడకుండా, గంటలకొద్దీ వీడియోలు చూసినవాళ్ల వాదన నిలబడటం కష్టం. అలాంటివాళ్లు కూడా ఒకటి అడగొచ్చు. ఆ రోజులకు తగిన ప్యాక్‌ను వెనకటి తేదీనుంచి వేసి, మిగతాది తగ్గించమని అడగాలి. కంపెనీ తప్పనిసరిగా ఒప్పుకోవాలని రూలేమీ లేదు. అయినా ఏళ్లుగా ఉన్న కస్టమరు మర్యాదగా, కాగితం మీద అడిగితే ఒప్పుకున్న సందర్భాలు నేను చూశాను.

పోస్ట్‌పెయిడ్ వాళ్లకు ఇంకో బలమైన వాదన ఉంది. మీ కనెక్షన్‌కు ఒక క్రెడిట్ పరిమితి ఉంటుంది. ఆ సంగతి కంపెనీ మీకు ముందే చెప్పాలి. వాడకం ఆ పరిమితిలో 80 శాతానికి చేరినప్పుడు మీకు తెలియజేయాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. మీ పరిమితి మూడు వేలైతే, ముప్పై వేలు దాకా మీటరు ఎలా తిరిగింది? ఆ మెసేజ్ ఏ తేదీన, ఎన్ని గంటలకు పంపారో చూపించమనండి. ఈ ఒక్క ప్రశ్నతోనే అవతలివాళ్ల ధోరణి మారడం చూస్తారు.

ఇప్పుడు పని మొదలుపెడదాం. అన్నిటికన్నా ముందు ఆటో పే సంగతి చూసుకోండి. బిల్లు దానంతటదే కార్డులోంచి కట్టేసే ఏర్పాటు ఉంటే, రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం డబ్బు కోతకు కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. ఆ మెసేజ్‌ను తోసేయకండి. అందులోనే ఆపుకునే వీలుంటుంది. పోయిన డబ్బు వెనక్కి తెచ్చుకోవడం కన్నా పోకుండా ఆపుకోవడం తేలిక.

ఆ తర్వాత ఆధారాలు. ఫోన్ సెట్టింగ్స్‌లో రోమింగ్‌లో ఎంత డేటా వాడారో విడిగా చూపించే చోటుంటుంది. దాన్ని చెరిపేయక ముందే స్క్రీన్‌షాట్ తీయండి. ప్యాక్ కొన్నప్పటి మెసేజ్, ప్యాక్ మొదలైందన్న మెసేజ్, విదేశంలో దిగగానే వచ్చిన స్వాగతం మెసేజ్, ఇవన్నీ దాచండి. బోర్డింగ్ పాసులు పారేయకండి. బిల్లులో సమయం తరచూ ఆ దేశపు గడియారం ప్రకారం ఉంటుంది. మీరు ఆకాశంలో ఉన్న గంటలో మీరు నేల మీద కాల్ చేసినట్టు బిల్లులో ఉంటే, ఒక్క బోర్డింగ్ పాసు చాలు ఆ పద్దు కొట్టేయించడానికి. పద్దులవారీ బిల్లు అడగండి. ప్రీపెయిడ్ వాళ్లకు బిల్లు రాదు గదా అనుకోకండి. గడిచిన ఆరు నెలల వాడకం వివరాలు ఇమ్మని ప్రీపెయిడ్ కస్టమరు కూడా అడగవచ్చు. అందుకు 50 రూపాయలకు మించి తీసుకోకూడదని ట్రాయ్ నిబంధన.

ఫిర్యాదు చేసే నంబరు 198. ఫోన్‌లో అరిచినందువల్ల ఉపయోగం లేదు. అవతల ఉన్నది కూడా మన పిల్లల్లాంటి జీతగాళ్లే. మీకు కావలసింది డాకెట్ నంబరు, అంటే మీ ఫిర్యాదు నమోదైన నంబరు. అది ఇవ్వకుండా ఫోన్ పెట్టనివ్వకండి. అదే రోజు అదే విషయాన్ని ఈమెయిల్‌గానూ పంపండి. ఆ ఉత్తరం ఇలా ఉంటే సరిపోతుంది:

‘ఫలానా తేదీ బిల్లులో అంతర్జాతీయ రోమింగ్ కింద వేసిన ఇంత మొత్తాన్ని నేను అంగీకరించడం లేదు. ఒక్కొక్క పద్దుకు దేశం, నెట్‌వర్క్ పేరు, తేదీ, సమయం, వాడకం, వేసిన రేటు తెలియజేయండి. నా క్రెడిట్ పరిమితి ఎంతో, అది దాటబోతోందని నాకు ఎప్పుడు తెలియజేశారో చెప్పండి. వివాదం లేని నెలవారీ అద్దె, పన్ను కలిపి ఇంత సొమ్ము ఈరోజు కట్టాను. మిగతా మొత్తం తేలేవరకు దాన్ని బకాయిగా చూపవద్దని, వసూలుకు పంపవద్దని కోరుతున్నాను.’

చూశారా, ఇందులో తిట్టు లేదు, ఏడుపు లేదు. అన్నీ ప్రశ్నలే. వివాదం లేని భాగాన్ని గడువులోగా కట్టేయడం చాలా ముఖ్యం. ఎగవేయాలన్న ఉద్దేశం లేదని రేపు ఎవరి ముందైనా చూపించుకోవడానికి అది పనికొస్తుంది.

నాలుగు వారాలైనా తేలకపోతే, లేదా ఇచ్చిన జవాబు మీకు నచ్చకపోతే, అదే కంపెనీలో అప్పిలేట్ అథారిటీ ఉంటుంది. 2012లో ట్రాయ్ తెచ్చిన నిబంధనల కింద ప్రతి టెలికాం కంపెనీ దీన్ని పెట్టాలి. గడువు ముగిశాక 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవాలి. 39 రోజుల్లో వాళ్లు తేల్చాలి. రుసుము లేదు. ఏ కంపెనీ అప్పీలు చిరునామా ఏమిటో ట్రాయ్ వెబ్‌సైటులో ఉంటుంది. చాలామంది నేరుగా ట్రాయ్‌కే రాసి ఎదురుచూస్తుంటారు. ట్రాయ్ విడివిడి ఫిర్యాదులను తీర్చదు. అక్కడ ఎదురుచూస్తూ అప్పీలు గడువు పోగొట్టుకోకండి.

అక్కడా న్యాయం జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 1915. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. ఇక్కడ ఒక తీర్పు గురించి చెప్పాలి. అహ్మదాబాదులో ఒక వినియోగదారుకు నెలకు సగటున 555 రూపాయల బిల్లు వచ్చేది. 2013 నవంబరు, డిసెంబరు మధ్య ఒక్క నెలకు 24,609 రూపాయల బిల్లు వేశారు. ఆయన జిల్లా ఫోరానికి వెళ్లారు. టెలిగ్రాఫ్ చట్టం కింద మధ్యవర్తి దగ్గరికి వెళ్లాలే గానీ వినియోగదారుల ఫోరానికి ఆ అధికారం లేదని కంపెనీ వాదించింది. 2009లో సుప్రీంకోర్టే అలా చెప్పి ఉండటంతో ఆ వాదన ఏళ్లపాటు ఎంతోమందికి తలుపులు మూసేసింది. అహ్మదాబాదు కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఫిబ్రవరి 16న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. టెలికాం ఫిర్యాదులను వినే అధికారం వినియోగదారుల కమిషన్లకు ఉందని స్పష్టం చేసింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో సేవ అన్న మాట కింద టెలికాం పేరు నేరుగానే ఉంది. పాతికవేల బిల్లు కోసం దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా నిలబడ్డ ఆ ఒక్క మనిషికి మనమంతా రుణపడి ఉన్నాం.

మీరు అంత దూరం పోనక్కర్లేదు. కంపెనీ ఆఫీసు ముంబయిలో ఉన్నా, మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు. ఐదు లక్షల లోపు సేవలకు ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే దాఖలు చేయవచ్చు. రెండేళ్లలోగా వేయాలి. ఇంకో దారి శాశ్వత లోక్ అదాలత్. టెలిఫోన్ సేవ కూడా దాని పరిధిలోకి వస్తుంది. అక్కడ ముందు రాజీకి ప్రయత్నిస్తారు, కుదరకపోతే వాళ్లే తేలుస్తారు. ఒకసారి అక్కడ దరఖాస్తు పెట్టాక అదే గొడవతో వేరే కోర్టుకు పోవడానికి ఉండదు, ఆ సంగతి గుర్తుపెట్టుకుని ఎంచుకోండి.

ఇంతా చెప్పాక నా మనసులో ఉన్న మాట ఒకటి చెప్పాలి. యూరోపియన్ యూనియన్‌లో 2007 నుంచే రోమింగ్ రేట్లకు కళ్లెం వేశారు. 2017 జూన్ 15 నుంచి ఆ దేశాల మధ్య రోమింగ్‌కు అదనపు ఛార్జీలే తీసేశారు. అంతకన్నా నాకు నచ్చింది ఇంకొకటి. డేటా రోమింగ్ బిల్లు 50 యూరోలకు చేరితే, ఇంకా వాడతానని కస్టమరు స్వయంగా చెబితే తప్ప కంపెనీ డేటా ఆపేయాలి. 80 శాతానికే హెచ్చరించాలి. ఆ రక్షణ వాళ్ల సిమ్‌తో యూరప్ బయటికి వెళ్లినప్పుడూ సాధారణంగా వర్తిస్తుంది. అంటే ఫ్రాంక్‌ఫర్టులో ఉద్యోగం చేస్తున్న మన అబ్బాయి జర్మన్ సిమ్‌తో సంక్రాంతికి ఊరొస్తే ఆ 50 యూరోల గీత అతన్ని కాపాడుతుంది. అతన్ని చూడటానికి మన సిమ్‌తో ఫ్రాంక్‌ఫర్టు వెళ్లిన తండ్రికి అలాంటి గీత లేదు. ఒకే ఇంట్లో, ఒకే సోఫా మీద కూర్చున్న ఇద్దరిలో నెలకు లక్షలు సంపాదించే కొడుక్కి రక్షణ ఉంది, పింఛను మీద బతికే తండ్రికి లేదు. ఇది నాకు అన్యాయంగా కనిపిస్తోంది.

డేటా మన కంపెనీ గుండానే పోతోందని ముందే చెప్పుకున్నాం. ఆపడం సాంకేతికంగా కష్టమేమీ కాదు. 2020లో ట్రాయ్ అంతర్జాతీయ రోమింగ్ మీద సంప్రదింపు పత్రం విడుదల చేసి, అదే ఏడాది సిఫారసులూ చేసింది. ఊహించని బిల్లుల సమస్య అందులో చర్చకు వచ్చింది. ఇలాంటి పత్రాలు వేసినప్పుడు ఎవరైనా అభిప్రాయం రాయవచ్చు. కంపెనీలు నిపుణుల చేత పేజీలకు పేజీలు రాయిస్తాయి. దెబ్బతిన్న తల్లిదండ్రుల ఉత్తరాలు అక్కడికి చేరాలి. ఈ విషయం మళ్లీ చర్చకు వచ్చినప్పుడు మీ ఊరి వినియోగదారుల సంఘం ద్వారా గానీ, మీరే నేరుగా గానీ రాయండి. ఏ దేశంలో, ఏ రోజున, ఎన్ని మెగాబైట్లకు ఎంత వేశారో, మీకు హెచ్చరిక వచ్చిందో లేదో అందులో చెప్పండి. బిల్లు కాపీ జతచేయండి.